కాయ పెడితే నీళ్లు చెప్పే మిషను

ఆ రోజుకు విజయభాస్కర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున తొమ్మిదింటికి అనంతపురంలో బయలుదేరాలి, పదకొండుకు గోరంట్ల దగ్గర రైతు ఓబుళేసు కళ్లంలో మిషను పెట్టాలి, పన్నెండుకు బెంగుళూరు కంపెనీ మేడంతో లైసెన్సు కాగితం మీద సంతకాలు పూర్తి చేయాలి. కాలేజీలో పాఠాలు చెప్పగా మిగిలిన పొద్దంతా పెట్టి, పదేళ్లలో ఆయన తయారుచేసిన టెరాహెర్ట్జ్ మిషను అది. వేరుశెనగ కాయను పగలగొట్టకుండానే లోపల విత్తనం ఆరిందో, తేమ పట్టి బూజుకు సిద్ధంగా ఉందో కిరణాలు పంపి తెర మీద బొమ్మ చూపిస్తుంది. దాన్ని తయారుచేసి అమ్ముకునే హక్కు కంపెనీ తీసుకుంటే సరేసరి. లేదంటే నెలాఖరుకు ల్యాబు ఖాళీ చేయాలని ప్రిన్సిపాల్ కాగితం ఇచ్చేశాడు. మిషను విరిగిన బెంచీల గదిలోకి పోతుంది, దాంతోపాటే ఆయన పదేళ్లూ పోతాయి.

ఇంత జాగ్రత్తపరుడు ముందురోజు ఫోనులో ఒక్క మాట తేలిగ్గా అనేశాడు.

"ఓబుళేసన్నా, నువ్వేమీ చేయొద్దు. కాయ పెడితే చాలు, లోపల నీళ్లుండాయో లేవో మిషనే చెప్తాది."

తేమ అంటే రైతుకు అర్థం కాదేమోనని నీళ్లు అన్నాడు మహానుభావుడు. ఈ సీమలో అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోరు పాయింటు చూసేవాళ్లు సరిగ్గా ఇదే మాట అంటారని, పదేళ్లు తెరకు కళ్లప్పగించిన మనిషికి గుర్తొస్తుందా?

కళ్లం దగ్గర దిగేసరికి నలభై మంది జనం. చేతుల్లో టెంకాయలు, పసుపు, ఊదుకడ్డీలు. చేనులో బోరు లారీ. ఇన్నాళ్లూ ఊరికి టెంకాయతో పాయింట్లు చూపించిన చెన్నప్ప ఒక పక్కన ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు.

"ఏమన్నా ఓబుళేసన్నా, ఈ లారీ ఏంది?"

"ఎనిమిది బోర్లు ఫెయిలైనాయి సార్, ఇది తొమ్మిదోది. మీ మిషను వస్తాందని మా ఇంటామె మేకలన్నీ అమ్మి లారీని పిలిపించింది."

"అయ్యో, ఇది బోర్లకు కాదన్నా! శెనక్కాయల మిషను!"

ఓబుళేసు భార్య గంగక్క పకపకా నవ్వింది. "శెనక్కాయల్లో నీళ్లు యాడుంటాయి సార్?" జనం కూడా నవ్వారు. సార్ బేరం పెంచుతున్నాడని వాళ్లకు అర్థమైంది.

విజయభాస్కర్ చెమట తుడుచుకుని మిషను ఆన్ చేసి, రెండు కాయలు పెట్టాడు. "చూడండి. ఎండుకాయ తెల్లగా ఉండాది. పచ్చికాయలో తడి ఈ కిరణాల్ని మింగేస్తాది. అందుకే నల్లగా కనపడతాంది."

"నలుపంటే నీళ్లంట!" అని వెనకవాళ్లకు ఓబుళేసు చేరవేశాడు.

అప్పుడే కంపెనీ మేడం జయంతి కారు దిగింది. ఆమె వెనకే పైపుల లారీ వచ్చి దారి మూసేసింది.

"ఈయమ్మ ఎందుకొచ్చింది సార్?" అని చెన్నప్ప అడిగాడు.

"లైసెన్సుకు. సంతకమైతే ఇంక ఇది బెంగుళూరోళ్లదే."

చెన్నప్పకు కావలసింది దొరికింది. "వింటిరా? నీళ్లు మన కింద, లైసెన్సు బెంగుళూరోళ్లకు!"

జనం మీదికొచ్చారు. విజయభాస్కర్‌కు తిక్క రేగింది. "మట్టి మీద పెడితే ఏమీ కనపడదయ్యా! అంగుళం లోపలికి కూడా పోదు. కావాలంటే చూసుకోండి!" అంటూ మిషను తీసి నేల మీద బోర్లించాడు. కిరణం మట్టిలోనే ఇంకిపోయింది. తెర మొత్తం కాటుక పూసినట్టు నల్లబడింది.

"ఓయమ్మా! అంతా నీళ్లే!" అని గంగక్క కేక వేసింది.

అక్కడే టెంకాయ కొట్టి బోరు మొదలుపెట్టేశారు. విజయభాస్కర్ నెత్తీనోరూ బాదుకున్నాడు గానీ, బోరు మోతలో అది ఎవరి చెవినా పడలేదు. మూడు వందల అడుగులకు తెల్లదుమ్ము. ఆరు వందలకూ తెల్లదుమ్మే. సాయంత్రానికి తొమ్మిది వందలు దాటినా చెమ్మ కనపడలేదు. గంగక్క ఏడవడానికి కూడా ఓపిక లేక గట్టు మీద కూలబడింది. ఇదంతా జయంతి కారు అద్దాలు ఎత్తుకుని మధ్యాహ్నం నుంచి చూస్తూనే ఉంది.

విజయభాస్కర్ తల దించుకుని కారు దగ్గరకు పోయాడు. "క్షమించండి మేడం. శెనక్కాయల టెస్టు ఇంకో రోజు..."

"ఇంకో రోజెందుకు?" జయంతి కాగితం తీసి, 'వేరుశెనగ నాణ్యత' అన్నచోట కొట్టేసి 'భూగర్భ జలాలు' అని రాసింది. "పెట్టండి సంతకం."

"నీళ్లు పళ్లేదు కదా మేడం!"

"పడింటే ఆ రైతు ఈ బోరుతో నిలిపేస్తాడు. పళ్లేదు కాబట్టి పదోది వేస్తాడు. మాది చిలమత్తూరే సార్, మా నాయన పదకొండు వేసినాడు. మీ శెనక్కాయలు చూసేదానికి ఎప్పుడన్నా నలభై మంది వచ్చినారా?"

"ఇది మోసం."

"అయితే పోయి ల్యాబు ఖాళీ చేసుకోండి."

విజయభాస్కర్‌కు ఒళ్లు మండిపోయింది. నేరుగా ఓబుళేసు దగ్గరకు నడిచాడు. ఓబుళేసు ఒక్క బూతు తిడితే చాలు, ఈ కాగితాన్ని ఆమె ఎదుటే చింపి పారేద్దామనుకున్నాడు.

ఓబుళేసు తిట్టలేదు. "బాధపడొద్దు సార్. మీ తప్పు లేదు, మిషను తప్పూ లేదు. లైసెన్సు రాకముందే మేమే తొందరపెడితిమి, అందుకే ఫెయిలైంది. లైసెన్సు వచ్చినాక ఫస్టు మా చేనికే రావాల. వస్తావు కదా?"

విజయభాస్కర్ తలూపాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యపడుతూనే కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు.

కింద సాక్షి సంతకం ఓబుళేసు చేశాడు, చేతుల దుమ్ము పంచెకు తుడుచుకుని.