గోడ పక్కన కిటికీ సీటు

పెద్ద విమానంలో అత్యుత్తమమైన సీటు ఏదో మా బావగారు కనిపెట్టారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆయన అంతకుముందు విమానం ఎక్కలేదు గనక పక్షపాతం చూపారనే ఆరోపణకు తావు లేదు.

సీటు అవసరం మా అక్కది. బడిలో భూగోళం చెప్పీ చెప్పీ, బోర్డు మీద మేఘాలు గీసీ గీసీ రిటైరైంది. "ఒక్కసారి వాటిని పైనుంచి చూడాలిరా" అనేది నాతో. ఆ కోరిక తీర్చడానికే బావగారు దూరప్రయాణం పెట్టారు. ఎక్కడికన్నది తర్వాతి సంగతి, ముందు సీటు తేలాలన్నారు.

మొదట విద్వత్సభ జరిగింది. పక్కింటి పళ్ల డాక్టరు రెక్కల దగ్గర కుదుపు తక్కువన్నాడు. రెక్క అడ్డొస్తే ఇంకేం కనపడుతుందని ఆయన భార్య అడిగింది. తోక దగ్గరైతే ప్రాణానికి భద్రమని మా పెదనాన్న సెలవిచ్చారు. తోక దగ్గరే మరుగుదొడ్లుంటాయని డాక్టరుగారి భార్య గుర్తు చేసింది. ప్రాణమా, ముక్కా అన్న విషయం మీద చేతులెత్తించగా ముక్కు గెలిచింది.

తర్వాత ప్రయోగాలు. ఇంట్లోని కుర్చీలన్నీ హాల్లో వరసలుగా పేర్చి, బావగారు ఒక్కోదాంట్లో కూర్చుని మోకాళ్లు ఆడించి చూసుకున్నారు. నన్ను బాత్‌రూమ్ తలుపు తీస్తూ మూస్తూ ఉండమని, ఏ కుర్చీలో అక్కకు నిద్ర పడుతుందో పరిశీలించారు. ఎందులోనూ పట్టలేదు. ఆ రోజుల్లో మేం ముందు కుర్చీ వీపు చూస్తూ భోజనాలు చేశాం. చూడవచ్చిన చుట్టం ఒకాయన చివరి వరసలో కూర్చుని, టీ తనదాకా రాదేమోనని బెంగపెట్టుకుని వెళ్లిపోయాడు.

సీటు ఖరారైన నాడు బావగారు ప్రసంగించారు.

"చూడండి, మనిషి మూడింటిని ఆచితూచి ఎంచుకోవాలి. ఇల్లు, పెళ్లాం, సీటు. మొదటి రెండూ మా నాన్న చూశాడు. మూడోది నేను చూశాను. రెక్క అడ్డు రాదు, వాసన రాదు, కాళ్లు బారచాపుకోవచ్చు. కిటికీ పక్కన మా ఆవిడ!"

చప్పట్లు కొట్టాం. నడవ పక్క సీటు ఆయనకు, మధ్యది నాకు. బావమరిదికి అంతకు మించిన స్థానం ఏ శాస్త్రమూ చెప్పదు.

విమానం ఎక్కాం. అన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. కిటికీ మాత్రం లేదు. ముందు వరసకుంది, వెనక వరసకుంది, మా వరసకు తెల్లటి గోడ ఉంది. అక్కడ లోపల ఏవో గొట్టాలు పోతాయని, తెలిసినవాళ్లెవరూ ఆ సీటు అడగరని విమానంలో పనిచేసే అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది.

బావగారు బెల్టు పెట్టుకుని, ఆ గోడను వేలితో తట్టి చూశారు.

"కిటికీ ఉంటే ఎండ కొడుతుంది. గోడైతే హాయిగా ఆనుకుని పడుకోవచ్చు."

"మరి మేఘాలండీ?" అంది అక్క.

"అవెక్కడికి పోతాయే? వచ్చేటప్పుడు చూద్దువుగాని."

ముందు వరస ఆయన్ని కాసేపు చోటు ఇమ్మని అడుగుదామన్నాను. అత్యుత్తమ సీటులో ఉన్నవాళ్లు ఇంకొకరి సీటు అడగడం అప్రతిష్ఠ అని బావగారు తోసిపుచ్చారు. ఆ తర్వాత లేచి, మిగతావాళ్ల సీట్లు తమ సీటుకన్నా ఎంత నాసిరకమో తనిఖీ చేయడానికి ప్రయాణమంతా తిరుగుతూనే ఉన్నారు. కాళ్లు చాపుకోవడానికి తీసుకున్న చోట ఆయన కాళ్లు తప్ప అన్నీ ఉన్నాయి. కిటికీలున్న భాగ్యవంతులు తెరలు దించేసి సినిమాలు చూశారు. ఒక సినిమాలో మేఘాలు కూడా వచ్చాయి. అక్క గోడ వైపు తిరిగి కూర్చుంది. నా ప్రాణం ఉసూరుమంది.

చక్రాలు నేలకు తగిలి, విమానం ఆగీ ఆగకముందే జనమంతా లేచారు. వెతికి, వాదించి, పోట్లాడి సంపాదించుకున్న సీట్లను వదిలేసి, తెరవని తలుపు కోసం మెడలు వంచుకుని నడవలో నిలబడ్డారు. ముందు వరస కిటికీ సీటు ఖాళీ అయింది. అక్క జనంలోంచి దూరి, అందులో కూర్చుని, తెర పైకెత్తింది.

మేఘాలు కనపడ్డాయి. పైన. మా డాబా మీంచి కనపడినట్టే. అయినా ఆమె చూస్తూనే ఉంది.

"అక్కడ కూర్చున్నావేంటే? రా, తలుపు దగ్గర మంచి చోటు పట్టాను!" అని బావగారు కేకేశారు.

నిజానికి అది రెండో మంచి చోటు. మొదటిదాంట్లో అప్పటికే, ఇది చదువుతున్న మీరున్నారు. దారిలో నా పక్కటెముకలకు తగిలిన మోచెయ్యి మీదే.