అరవై ఆస్పత్రులకు ఒకే ఉత్తరం

ఆ సోమవారం పొద్దున డాక్టర్ కరుణ ఒక్కటే పని పెట్టుకుంది. సాయంత్రంలోగా ఈమెయిల్లో అరవై ఉత్తరాలు పంపాలి. అమెరికాలో రెసిడెన్సీ, అంటే అక్కడి పీజీ చదువు కోసం అరవై ఆస్పత్రులకు దరఖాస్తు చేసి నెలన్నర దాటింది. ఇంటర్వ్యూకు రమ్మని ఒక్కరూ పిలవలేదు. ఇది మూడో ఏడు. మొదటి ఏడు ఎవరూ పిలవలేదు. రెండో ఏడు ఒకరు పిలిచి, మాట్లాడి, వద్దన్నారు. పట్టా పాతబడేకొద్దీ అక్కడ డాక్టరు కూడా పాతబడిపోతాడని ఆమెకు తెలుసు. సూర్యాపేటలో ఒక నర్సింగ్ హోంలో డ్యూటీ డాక్టరుగా చేస్తూ, ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఉలిక్కిపడుతూ రోజులు నెడుతోంది.

కిందటేడు సీటు తెచ్చుకున్న స్నేహితురాలు సత్యవతి ఒక ఉపాయం చెప్పింది. "ఊకె కూసుంటే ఎవరు పిలుస్తరే? మీ దగ్గర చేరాలని ఉందని ఒక్కొక్కళ్ళకు విడిగా రాయి. ఎందుకు చేరాలనుకుంటున్నవో రెండు ముక్కల్ల చెప్పు. ఒక్కసారే రాయి. ఫోన్లు మాత్రం చెయ్యకు."

కరుణ పది రోజులు కూర్చుని అరవై కారణాలు వెతికి, ఆస్పత్రుల చిరునామాలు, ఫోన్ నంబర్లతో సహా పట్టిక రాసుకుంది. న్యూజెర్సీలో పిన్ని కూతురు ఉంది. మిషిగన్ ఆస్పత్రిలో కిడ్నీ జబ్బుల విభాగం పెద్దది. ఇక పంపడమే తరువాయి అనుకుంటుండగా నర్సింగ్ హోం నుంచి ఫోన్ వచ్చింది. ఇంకో డాక్టరు రాలేదట, వెంటనే రమ్మన్నారు.

చేసేది లేక మిర్యాలగూడలోని బావకు ఫోన్ చేసి, పట్టికతో పాటు తన ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చింది. బావ నాగేందర్, అక్క రజిత భర్త, బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్ నడుపుతాడు.

"బావా, ఒక్కొక్కటి సూసుకుంట పంపు. పేర్లు తారుమారు గావొద్దు."

"నువ్ పరేషాన్ గాకు. ఎనిమిదొందల పెండ్లికార్డుల మీద పేర్లు కొట్టిన చెయ్యి ఇది. అరవై ఎంతసేపు?"

నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. ఒక వరుసలో చిరునామాలు, ఇంకో వరుసలో పేర్లు, కారణాలు పెట్టి ఒక్క నొక్కుతో పంపేశాడు. పేర్ల వరుస ఒక్క గడి పైకి జరిగిందని ఆయన చూసుకోలేదు. దాంతో ఒహాయోకు మిషిగన్ ఉత్తరం, మిషిగన్‌కు న్యూజెర్సీ ఉత్తరం, న్యూజెర్సీకి టెక్సాస్ ఉత్తరం వెళ్ళాయి.

ఆ సాయంత్రం కరుణ అన్నం కలుపుకుంటుండగా మొదటి జవాబు వచ్చింది. ఒహాయో వాళ్ళు చాలా మర్యాదగా రాశారు: "మిషిగన్‌లో చేరాలన్న మీ కోరిక నెరవేరాలని ఆశిస్తున్నాం."

తర్వాత మిషిగన్ వాళ్ళు రాశారు: "మా ఊళ్ళో మీ పిన్ని కూతురు ఎక్కడ ఉంటుందో మాకు అర్థం కాలేదు."

కరుణ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తల్లి సోమమ్మ కంగారుపడింది. "ఏమైందే? పిలిసిన్రా?"

"పిలవలేదమ్మా. సాగనంపిన్రు."

ఫోన్‌లో సంగతి విన్న నాగేందర్ పట్టిక తెరిచి, పేర్లు గడి జరిగిన సంగతి చూసుకున్నాడు. తప్పు తనది. మరదలి మూడేళ్ళ కష్టం తన చేతిలో మట్టి అయ్యింది. ఆ బాధలో మర్నాడు పొద్దున్నే, ఎవరినీ అడగకుండా, నిన్న ఉత్తరాలు అందిన వాళ్ళందరికీ కలిపి ఒక క్షమాపణ పంపాడు. "నిన్నటి ఉత్తరం మరిచిపోగలరు. నా మనసులో ఉన్నది మీ ఆస్పత్రి ఒక్కటే." అందులో అందరి చిరునామాలూ అందరికీ కనబడుతున్నాయి. ఎంతమంది ఆమె మనసులో ఒక్కరుగా ఉన్నారో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు.

ఆ సాయంత్రం టెక్సాస్ నుంచి ఒకాయన, "దయచేసి నన్ను ఈ జాబితాలోంచి తీసేయండి" అని అందరికీ జవాబు కొట్టాడు. "నన్ను కూడా" అని ఇంకొకావిడ అందరికీ రాసింది. "అందరికీ జవాబులు ఇవ్వకండి" అని మూడో మనిషి అందరికీ రాశాడు. కరుణ ఫోన్ టింగుమంటూనే ఉంది. ఇన్నాళ్ళూ ఏ చప్పుడు కోసం ఎదురుచూసిందో ఆ చప్పుడే, ఆగకుండా.

ఇంతలో సోమమ్మ మనసాగక కోదాడలో ఉన్న తమ్ముడికి చెప్పుకుని ఏడ్చింది. ఆ తమ్ముడు సాయిబాబు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. రాతకోతల మీద ఆయనకు మొదటినుంచీ నమ్మకం లేదు. కరుణ పట్టికను నాగేందర్ దగ్గర్నుంచి తెప్పించుకుని, బుధవారం సాయంత్రం పై నుంచి వరుసగా పదకొండు ఆస్పత్రులకు ఫోన్ చేశాడు. ఆ తర్వాతే మేనకోడలికి చెప్పాడు.

"ఏం మాట్లాడినవ్ మామా?" కరుణ అడిగింది.

"ఏముందమ్మా, మర్యాదగానే మాట్లాడా. పిల్ల బంగారం, ఒక్క మాట చెప్పండి, తీసుకుంటారా లేదా అన్నా. ఒకామె, ఎవరు మాట్లాడేదంది. మేనమామనన్నా. ఫోన్ పెట్టేసింది. లైను కట్టయిందేమోనని మళ్ళీ చేశా."

"మళ్ళ చేసినవా?"

"నాలుగుసార్లు."

కరుణ ఏడవలేదు, అరవలేదు. గురువారం డ్యూటీకి వెళ్ళి, జ్వరాల వాళ్ళను చూసి, సెలైన్లు రాసి, నర్సింగ్ హోం పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "సార్, ఇగ నేను ఎక్కడికీ పోను. పర్మినెంటుగా గీడనే చేస్త" అంది. ఆయన సంతోషించాడు. ఆ సంతోషం చూసేసరికి ఆమెకు గుండెలో ఏదో మూతపడినట్టయింది. ఇంటికొచ్చి పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్దింది. సోమమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

శుక్రవారం సాయంత్రం ఫోన్ మళ్ళీ టింగుమంది. ఇంకెవరో తీసేయమంటున్నారనుకుని కరుణ విసుగ్గా తెరిచింది. విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊరి ఆస్పత్రి. మీ దరఖాస్తు మాకు నచ్చింది, డిసెంబర్ తొమ్మిదిన వీడియోలో ఇంటర్వ్యూ, వీలవుతుందా అని అడిగారు. మూడుసార్లు చదివింది. పేరు తనదే. పట్టిక తీసి చూస్తే ఆ ఆస్పత్రి అరవయ్యోది, అట్టడుగున ఉంది. వెంటనే బావకు ఫోన్ చేసింది.

"బావా, విస్కాన్సిన్ వాళ్ళకు ఏం పంపినవ్?"

నాగేందర్ కంప్యూటర్లో వెతికాడు. వెతికినకొద్దీ ఆయన గొంతు దిగిపోయింది. "కరుణా, ఏమనుకోకు. పేర్లు ఒక గడి పైకి జరిగినయి గద, ఆఖరుదానికి పేరు మిగలలే. వాళ్ళకు ఉత్తరమే పోలే. క్షమాపణ గూడ పోలే. ఆగు, ఇప్పుడే పంపుత."

"బావా! చెయ్యి తియ్! కంప్యూటర్ మీదికెల్లి చెయ్యి తియ్!"

ఆ కేక విని సోమమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. కూతురు నేలమీద కూర్చుని ఏడుస్తోంది. ఈసారి ఎందుకేడుస్తోందో తెలుసుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. తెలిశాక, ఈ కబురు తమ్ముడికి చెబుదామని ఫోన్ అందుకోబోయింది. కరుణ ఆ ఫోన్ లాక్కుని తన కొంగు కింద పెట్టుకుంది.

డిసెంబర్ తొమ్మిదిన అమ్మా, బావా, మేనమామా నాగార్జునసాగర్ చూసి రావడానికి కరుణే కారు మాట్లాడిపెట్టింది, రెండు రోజులకు.