బ్యాచ్‌లో కలిసిన వదిన

గాలిని కనిపెట్టింది మనిషి కాదు. కానీ గాలిని డబ్బాలో కుక్కి, మూత బిగించి, ఆ మూతకొక శాఖను, ఆ శాఖకొక అధికారిని, ఆ అధికారికొక స్టాంపును ఏర్పాటు చేసింది మాత్రం నిస్సందేహంగా మనిషే. ఈ ఘనకార్యం మా ఊరి చివర ఒక ఫ్యాక్టరీలో రోజూ జరుగుతుంది. ఆయాసం ఉన్నవాళ్లు నోట్లో పెట్టుకుని నొక్కుకునే మందు డబ్బాలు అక్కడ తయారవుతాయి. మా వదిన అక్కడే పనిచేసేది.

తయారీ విధానం పాఠకులకు తెలిసి ఉండటం మంచిది (తెలిస్తే మీరు కూడా నాలాగే ఊపిరి తీసుకునే ముందు ఒకసారి ఆలోచిస్తారు). అల్యూమినియం డబ్బా ఒక శాఖది. నొక్కినప్పుడల్లా ఒకే మోతాదు వదిలే వాల్వు ఇంకో శాఖది. మందు వేరే శాఖది, ఆ మందును బయటికి తోసే గ్యాసు మరో శాఖది. నోట్లో పెట్టుకునే ప్లాస్టిక్ గొట్టం వాళ్లు ఎవరితోనూ మాట్లాడరు. డబ్బాకు వాల్వు బిగించి, ఆ వాల్వులోంచే ఒత్తిడి మీద మందూ గ్యాసూ ఎక్కిస్తారు. ఎవరి ముక్క బాగుందని వాళ్లు సంతకం చేస్తారు. అన్నీ కలిస్తే మందు అయిందా లేదా అని చెప్పే హక్కు మాత్రం నాణ్యతాధికారి ఒక్కరిదే. ఆయన్ను అందరూ స్టాంపు సారు అంటారు (ఎదుట కూడా అంటారు, ఆయనకది బిరుదు).

నింపిన డబ్బాలను వేడినీళ్ల తొట్టిలో ముంచినప్పుడు ఎక్కడైనా బుడగ లేస్తోందేమో చూడటం వదిన పని. బుడగ లేస్తే లీకు. లేవని డబ్బాలన్నీ ఒక బ్యాచ్‌గా పక్కగదిలో కొన్ని వారాలు నిలవుంటాయి. ఆ తర్వాత తూచి, బరువు తగ్గలేదని తేలితే స్టాంపు పడుతుంది. అది పడేదాకా లోపలున్నది మందు కాదు, ‘వస్తువు’. తొట్టి దగ్గరంతా ఆవిరి. ఫ్యాను పెట్టరు, నీళ్లు కదిలితే బుడగలు కనిపించవని. వదినకు ఆయాసం ఉంది. ఆ సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుందని ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య టైలరింగ్ షాపులో కుట్టే బట్టలకంటే కొట్టే ఈగలే ఎక్కువ కాబట్టి, ఇల్లు గడిచేది ఆమె జీతం మీదే. బయటి మందులు లోపలికి తేకూడదన్న నిబంధన వల్ల తన డబ్బాను ఇంట్లోనే పెట్టి వెళ్లేది.

ఒక మధ్యాహ్నం నిలవగదిలో ట్రేలు సర్దుతుండగా వదినకు ఊపిరి అందలేదు. నేలమీద కూలబడింది. చుట్టూ గోడల పొడుగునా, పైకప్పుదాకా, ఆయాసం మందు. స్టాంపు సారు పరుగున వచ్చారు.

“ఏమైందమ్మా?”

“ఆయాసం... సార్. ఒక్క డబ్బా...”

“ఇక్కడ మందెక్కడుందమ్మా? ఇవన్నీ ఇంకా వస్తువులే కదా” అన్నారాయన, నిజమైన జాలితో. (ఆయన చెడ్డవాడు కాదు. ఆయన పేరు వింటే నాకు ఒళ్లు మంట. రెండూ నిజమే.)

ఆయన వెంటనే శిక్షణాధికారిణిని పిలిపించారు. ఆవిడ దగ్గర జనానికి వాడకం నేర్పే నమూనా ఉంది. దానికి డబ్బా, వాల్వు, గ్యాసు, గొట్టం అన్నీ ఉంటాయి, మందొక్కటే ఉండదు. అందుకే దాన్ని ఎవరికైనా, ఎప్పుడైనా ఇవ్వవచ్చు.

“ముందు బాగా ఊపండి. ఊఁ, ఇప్పుడు మీ ఊపిరంతా బయటికి వదిలేయండి” అంది ఆవిడ.

“ఉంటే కదా... మేడమ్... వదలడానికి!”

“అది అవకుండా తర్వాతది చెప్పకూడదండీ. రేపు ఆడిట్ వాళ్లు నన్ను పట్టుకుంటారు.”

వదిన ఆవిడ చేతిలోంచి నమూనా లాక్కుంది. అందులోని డబ్బా పీకి అవతల పడేసింది. పక్క ట్రేలోంచి ఒక ‘వస్తువు’ను గొట్టంలో గుచ్చి, నోట్లో పెట్టుకుని నొక్కింది. మళ్లీ నొక్కింది. కాసేపటికి ఆమె మొహంలోకి రంగు వచ్చింది. స్టాంపు సారు మొహంలోంచి పోయింది.

అత్యవసర సమావేశం జరిగింది. విడుదల కాని బ్యాచ్‌లో ఏ భాగమూ గేటు దాటకూడదు. ప్రస్తుతం ఒక భాగం వదిన ఊపిరితిత్తుల్లో ఉంది. కాబట్టి వదిన బ్యాచ్‌లో భాగం. ఆమె చీరకు ‘పరిశీలనలో ఉన్నది’ అన్న పసుపుపచ్చ చీటీ అంటించి నిలవగదిలో కుర్చీ వేశారు. డబ్బా మీద ‘చల్లనిచోట ఉంచవలెను’ అని ఉంటుంది కనుక ఏసీ పెట్టారు (ఉద్యోగంలో చేరాక ఆమె చల్లగా కూర్చోవడం అదే మొదలు). ‘వేడి తగలరాదు’ అని ఉంది కనుక టీ చల్లార్చి ఇచ్చారు. ‘గుచ్చరాదు’ అని ఉంది కనుక నర్సు సూది వేయనంది.

సాయంత్రం అన్నయ్యా నేనూ గేటు దగ్గరికి వెళ్లాం. వాచ్‌మన్ లోపలికి ఫోన్ చేసి, “ఇంకా విడుదల కాలేదంట సార్ సరుకు” అన్నాడు.

“సరుకేంటయ్యా, మా ఆవిడ!” అన్నాడు అన్నయ్య.

“ఆవిడ మీ ఆవిడే సార్. లోపలున్న మందు కంపెనీది.”

నేను పత్రికలో రాస్తానని అరిచాను. వాళ్లు నా అరుపును మర్యాదగా స్వీకరించి ఫిర్యాదు నంబరు ఇచ్చారు.

ఇక రోజూ పొద్దున్నే వదినను తూచారు. బరువు తగ్గుతూ వచ్చింది. లీకు ఉందని అనుమానించారు. ఇంటిమీద బెంగ అని ఆమె చెప్పింది గానీ, దానికి ఫారంలో గడి లేదు. అన్నయ్య రోజూ షాపు మూసి గేటు బయట నిలబడేవాడు. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపేది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, ఇందులో వెటకారం లేదు.

చివరికి, డబ్బాల బరువు తగ్గలేదు కనుక, బ్యాచ్ పాసయింది. డబ్బాలన్నీ ఒక్క స్టాంపుతో మందులైపోయి లారీలెక్కాయి. వదిన ముంజేతి మీద కూడా స్టాంపు వేసి ఇంటికి పంపారు. మర్నాడు ఆమె డ్యూటీకి వెళ్తే గేటు తెరవలేదు. పరీక్షకు వాడిన శాంపిల్‌ను తిరిగి తయారీ లైన్లో పెట్టకూడదట.

ఆ వారమే ఆమె చోటులోకి ఇంకొకామెను తీసుకున్నారు. ఇంటర్వ్యూలో అడిగింది ఒక్కటే ప్రశ్న: ఊపిరి ఎంతసేపు బిగపట్టగలరు?