ఠంగుమన్న చోటు

ఆ సెలవు రోజు లైబ్రేరియన్ గారి పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కారు తీసుకెళ్ళి గేర్‌బాక్సు మేస్త్రీకి చూపించాలి, పదిన్నరకల్లా తిరిగొచ్చేయాలి, భోంచేసి నడుం వాల్చాలి. భార్యని వెంటబెట్టుకెళ్ళడం అనేది ఈ పథకంలో ఎక్కడా లేదు. కానీ ఆయన చెప్పులు తొడుక్కునేసరికే ఆవిడ హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"రేపు నేను టెస్టుకి తీసుకెళ్ళాల్సిన బండి. దానికేమైందో నేనూ వినాలిగా," అంది.

ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ముప్పై ఏళ్ళపాటు "కాస్త అక్కడ దింపుతారా" అని మొగుణ్ణి అడిగి అడిగి విసుగెత్తి, యాభై రెండో ఏట డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సు టెస్టు మాత్రం రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఒకే చోట. ఎత్తు మీద బండి ఆపి మళ్ళీ కదిలించమంటారు కదా, ఆవిడ కదిలిస్తే అది ముందుకి పోయే బదులు వెనక్కి జారేది. మూడోసారి రేపు పదింటికి. ఈసారీ తప్పితే ఇక జన్మలో స్టీరింగు ముట్టనని ఒట్టు పెట్టుకుంది. ఆవిడ ఒట్టంటే మామూలు ఒట్టు కాదు. పాతికేళ్ళ కిందట సీటు దగ్గర ఎవరో పేచీ పెట్టారని ఇక సినిమాకి రానంది, ఇప్పటికీ హాలు గుమ్మం తొక్కలేదు.

"ఎక్కడైనా కాస్త ఎత్తు చూసి నేర్పండి," అని ఆర్నెల్లుగా అడుగుతూనే ఉంది.

"మన ఊరంతా బల్లపరుపు. ఉన్నదల్లా ఒక్క నీళ్ళ ట్యాంకు దిబ్బ. ఆ రోడ్డేమో తవ్వేశారు, బండ్లు పోనివ్వడం లేదు," అని ఆయన ఆర్నెల్లుగా చెబుతూనే ఉన్నాడు.

ఇక్కడ ఒక సంగతి దాచి లాభం లేదు. ఆ రోడ్డు ఎవరూ తవ్వలేదు. ఆర్నెల్ల కిందట డాక్టరు లైబ్రేరియన్ గారిని రోజూ నడవమన్నాడు. టీచరుగారు ఆ సాయంత్రమే బూట్లు కొనుక్కొచ్చి, వంటింటి తలుపుకి గళ్ళ చార్టు అంటించింది. ఆయన రెండు రోజులు కాలవ గట్టు వెంట బుద్ధిగా నడిచాడు. మూడో రోజు పిక్కలు పట్టేశాయి. ఆవిడ నిద్ర లేవకముందే సెల్లార్లోంచి కారు తీసి, ట్యాంకు దిబ్బ మీదికెక్కించి, ట్యాంకు నీడన ఆపి, సీటు వెనక్కి వాల్చి, డిటెక్టివు నవల తెరిచాడు. పాపం, ఆయన్ని మరీ తిట్టుకోకండి. పుస్తకాల మధ్యే ఉద్యోగం అన్న మాటే గానీ, కాలేజీలో పొద్దంతా "ఈ పుస్తకం ఉందా" అనేవాళ్ళే తప్ప ఆయన్ని ఒక్క పేజీ చదవనిచ్చేవాళ్ళు లేరు. దిబ్బ మీద చల్లగాలి, నిశ్శబ్దం, ఒక హత్య. స్వర్గం అంటే అదే అనిపించింది. నాలుగో రోజు కూడా కారే తీశాడు, ఇక బూట్లు అరిగే పనే లేకుండా పోయింది.

తిరిగొచ్చాక లిఫ్టు పక్కనున్న కుళాయి దగ్గర చొక్కా మీద నాలుగు చుక్కలు చల్లుకునేవాడు. "ఎంత చెమటో," అని మురిసిపోతూ ఆవిడ చార్టులో ఆరు కిలోమీటర్లు వేసేది. ఆరు అని చెప్పింది ఆయనే. పోను మూడు, రాను మూడు, కారు మీటరు చూసి మరీ చెప్పాడు. అబద్ధంలో కూడా అంకె తప్పు చెప్పడానికి ఆయనకి మనసొప్పలేదు. క్లాసులో పిల్లలకి కూడా ఆవిడ ఈ నడక మీదే లెక్కలిచ్చేది. "ఒక మనిషి రోజుకి ఆరు కిలోమీటర్లు నడిస్తే..." అని మొదలుపెడితే పిల్లలందరికీ ఆ మనిషెవరో తెలుసు.

అంతా సాఫీగా పోతుండగా ఈ చప్పుడొకటి మొదలైంది. నవల మూసి, ఇంటికి బయల్దేరదామని ఆ ఆటోమేటిక్ బండి గేరు లివరు పార్కులోంచి తీయగానే కారు అడుగున ఠంగుమనేది. ఈవేళ పొద్దున అయితే ఒళ్ళోని పుస్తకం కింద పడేంత గట్టిగా అంది. రేపు పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చున్నప్పుడు ఇదే చప్పుడొస్తే? ఆవిడ కంగారుపడటం, మూడోసారి తప్పడం ఆయన కళ్ళ ముందు కదిలాయి. నడక ఎగ్గొట్టగల మనిషే గానీ, ఆ మొహం చూడగల మనిషి కాదు. అందుకే ఈ ప్రయాణం.

గేర్‌బాక్సు మేస్త్రీ చెవులతో వైద్యం చేసే మనిషి. "నా చెవితో వినందే ఒక్క నట్టు కూడా విప్పను సార్," అన్నది ఆయన మొదటి మాట. గేజి పుల్ల బయటికి లాగి ఆయిలు రంగు చూశాడు, వాసన చూశాడు, బాగుందన్నాడు. మీటరు అంకె పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత ఇద్దర్నీ ఎక్కించుకుని రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. మెల్లగా తోలాడు, ఒక్కసారిగా తొక్కాడు, ఆపాడు, వెనక్కి నడిపాడు. గేరు మారిన ప్రతిసారీ కళ్ళు అరమూసుకుని తల ఒక పక్కకి వంచేవాడు.

"గేర్లు వెన్నలా పడుతున్నాయి. మీకు చప్పుడెప్పుడొస్తుంది?"

"పార్కులోంచి తీసేటప్పుడు."

"ఎక్కడ?"

లైబ్రేరియన్ గారు వెనక సీటులోని భార్యని అద్దంలో చూశాడు. "మా అపార్ట్‌మెంటు సెల్లార్లోనే," అన్నాడు.

సరేనని సెల్లారుకి వెళ్ళారు. మేస్త్రీ లివరు పార్కులో పెట్టాడు, తీశాడు, పెట్టాడు, తీశాడు. పన్నెండుసార్లు. చీమ చిటుక్కుమనలేదు.

"నేను రోజూ సాయంత్రం ఇక్కణ్ణుంచే తీస్తున్నాను. నాకెప్పుడూ వినపడలేదే," అంది టీచరుగారు.

"ఇంజను చల్లగా ఉన్నప్పుడే వస్తుంది," అన్నాడు ఆయన. బానెట్టు ఎత్తిపెట్టి గంటన్నర ఆగారు. ఆవిడ పైకెళ్ళి టీ పట్టుకొచ్చింది. బండి చల్లారింది, టీ చల్లారింది, చప్పుడు రాలేదు.

"బండిలో నేనొక్కణ్ణే ఉన్నప్పుడు వస్తుంది," అన్నాడు ఆయన. మేస్త్రీ, టీచరుగారు గోడవారగా నిలబడ్డారు. ఎందుకైనా మంచిదని వాచ్‌మన్ కూడా వచ్చి నిలబడ్డాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఏమీ లేదు.

"మీ ఒక్కరికే వినిపిస్తోందా సార్?" అన్నాడు మేస్త్రీ మర్యాదగా.

టీచరుగారు దగ్గరికొచ్చి ఆయన నుదురు మీద చెయ్యి వేసి చూసింది. "రేపు టెస్టు అయ్యాక చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం లెండి. దాచుకోకండి."

"మా మేనమామకీ ఇలాగే మొదలైందమ్మా," అన్నాడు మేస్త్రీ సానుభూతిగా.

లైబ్రేరియన్ గారికి రోషం వచ్చింది. రోషంలో మనిషి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగడు కదా. "చప్పుడొక్కటేనా? బండి మొత్తం ఎగిరిపడుతుంది. సీటు కదిలిపోతుంది. ఓసారి దానంతటదే జానెడు దూరం దొర్లింది కూడా," అన్నాడు.

మేస్త్రీ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. అది మంచి సూచన కాదు.

"ముందే చెప్పాలి కదా సార్. పార్కులో పెట్టాక దొర్లిందంటే లోపల కొక్కెం విరిగి ఉండాలి. వినకుండా విప్పడం నాకు అలవాటు లేదు గానీ, ఇది ప్రాణాల మీదికొచ్చే యవ్వారం. బాక్సు దించాలి, పది రోజులు పడుతుంది. అప్పటిదాకా ఈ బండి ఎవరూ తోలకూడదు."

"రేపు పదింటికి నా టెస్టు," అంది టీచరుగారు.

"తెలిసి తెలిసి ఇవ్వలేనమ్మా."

ఆవిడ కాసేపు కారు వైపు చూసింది. "సరే. నాకు రాసిపెట్టి లేదంతే," అని లిఫ్టు ముందున్న మెట్టు మీద కూర్చుంది. ఆవిడ అరిస్తే ఆయన భరించగలడు, ఏడ్చినా సముదాయించగలడు. సరే అంటే మాత్రం ఏం చేయాలో ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తెలియలేదు.

మేస్త్రీ బండి తీసుకెళ్ళడానికి కాగితం రాస్తున్నాడు. "పోయిన సర్వీసు ఆర్నెల్ల కిందట. అప్పటికీ ఇప్పటికీ రెండు వేల ఎనభై కిలోమీటర్లు తిరిగింది," అన్నాడు.

టీచరుగారు తలెత్తింది. "ఉండదు. నా ప్రాక్టీసు, ఆదివారం సరుకులు అన్నీ కలిపి సరిగ్గా వెయ్యి. రాసిపెట్టుకున్నాను." బ్యాగులోంచి చిన్న నోటుబుక్కు తీసింది. "అంటే మనకి తెలియకుండా ఎవరో మన బండి వాడుతున్నారు. పొద్దున్నే మీరు నడకకి వెళ్ళాక, కారు కడగడానికని ఇచ్చిన రెండో తాళం ఎవరి దగ్గరుంటుంది?"

అందరూ వాచ్‌మన్ వైపు చూశారు. వాచ్‌మన్ లైబ్రేరియన్ గారి వైపు చూశాడు. చదివేసిన నవలలన్నీ ఆర్నెల్లుగా అతనికే చేరుతున్నాయి.

"నాకేం తెలీదమ్మా," అన్నాడు.

"తెలియకపోతే కళ్ళలో నీళ్ళెందుకు?"

"దుమ్ము పడిందమ్మా."

"సాయంత్రం అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు గారితో మాట్లాడతాను," అని ఆవిడ పెన్ను తీసి ఏదో గీస్తూ కూర్చుంది. వాచ్‌మన్ నోరు విప్పలేదు. హంతకుడెవరో తెలిసీ చెప్పని మనుషుల్ని లైబ్రేరియన్ గారు నవలల్లో చాలామందిని చూశాడు. సెల్లార్లో చూడటం ఇదే మొదలు. ఇక ఆయన వల్ల కాలేదు.

"అతన్నేం అనకు. బండి నేనే తీస్తున్నాను," అన్నాడు. "రోజూ పొద్దున ట్యాంకు దిబ్బ మీదికి. నడవడం లేదు. పైన కూర్చుని చదువుకుంటున్నాను. చప్పుడొచ్చేది అక్కడే. దొర్లడం, ఎగరడం అబద్ధం. చప్పుడు మాత్రం నిజం."

ఆవిడ నోటుబుక్కు ఆయన వైపు తిప్పింది. "వెయ్యీ ఎనభై. ఆరుతో భాగిస్తే నూట ఎనభై రోజులు. ఇప్పుడే తేలింది. మీ అంతట మీరు చెబుతారా లేదా అని చూస్తున్నాను." నోటుబుక్కు మూసింది. "చార్టులో నూట ఎనభై రెండున్నాయి. ఆ రెండు రోజుల మాటేమిటి?"

"మొదటి రెండు రోజులూ నిజంగానే నడిచాను. ఒట్టు."

"రోడ్డు తవ్వేశారన్నారు?"

"కొత్త తారు వేశారమ్మా, అద్దంలా ఉంది," అన్నాడు మేస్త్రీ, అడక్కపోయినా.

"నేను రెండుసార్లు తప్పింది ఎత్తు మీదే," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "అక్కణ్ణుంచి వచ్చి, చొక్కా తడుపుకుని, నాకు ఎత్తే లేదన్నారు."

"తప్పు నాదే. చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు. ఏం శిక్ష వేసినా వేయి, రేపు టెస్టు మాత్రం మానకు," అన్నాడు ఆయన.

ఈ దుఃఖంలో మేస్త్రీ ఒక్కడికే ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "దిబ్బ మీదా? ఈ ముక్క పొద్దున చెబితే టీ కూడా అక్కర్లేకపోయేది. సార్, అక్కడ ఆపినప్పుడు హ్యాండ్‌బ్రేకు వేస్తారా?"

"పార్కులో పెడతాగా. మళ్ళీ అదెందుకు?"

మేస్త్రీ కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

దిబ్బ మీద, ట్యాంకు నీడన, అలవాటైన చోట లైబ్రేరియన్ గారు బండి ఆపి పార్కులో పెట్టాడు. కాసేపాగి తీశాడు. ఠంగుమంది. మేస్త్రీ మొహం వెలిగిపోయింది. "ఇంకోసారి," అని అడిగి మరీ విన్నాడు.

"పార్కులో పెడితే లోపల వేలెడంత కొక్కెం ఒక పళ్ళచక్రంలో పడుతుంది సార్. వాలు మీద బండి బరువంతా దాని మీదే వేలాడుతుంది. లాగి తీస్తే ఠంగుమనదా? ముందు హ్యాండ్‌బ్రేకు వేయండి, బరువు దాని మీదికి పోతుంది. అప్పుడు పార్కులో పెట్టండి." మేస్త్రీ చెప్పినట్టే చేస్తే చప్పుడు లేదు. "బండికి ఏ జబ్బూ లేదు. చప్పుడు రాకుండా చూసుకుంటే చాలు. జబ్బంతా తోలేవాళ్ళ చేతిలో ఉంది."

టీచరుగారు ముందుకి వంగి హ్యాండ్‌బ్రేకు వైపు చూసింది. "మేస్త్రీ, ఎత్తు మీద ఆపినప్పుడు కూడా ఇది వేసి, యాక్సిలరేటరు తొక్కాక వదిలితే బండి వెనక్కి జారదుగా?"

"అంగుళం కూడా జారదమ్మా. మీకెవరూ చెప్పలేదా?"

లైబ్రేరియన్ గారు ట్యాంకు వైపు చూడసాగాడు.

సాయంత్రం దాకా ప్రాక్టీసు నడిచింది. "మీరు దిగి వెనక నిలబడండి. జారితే నాకు తెలియాలి," అంది ఆవిడ మొగుడితో.

"ఒక ఇటుక పెడితే చాలమ్మా," అన్నాడు మేస్త్రీ కంగారుగా.

"ఇటుక నాతో అబద్ధం ఆడలేదుగా."

ఆయన పది అడుగుల వెనక నిలబడ్డాడు. మొదటి నాలుగుసార్లు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అయిదోసారి ఒక కన్ను తెరిచాడు. ఇరవయ్యోసారికి చేతులు కట్టుకుని, "భేష్, అలాగే," అంటున్నాడు.

మర్నాడు ఎత్తు మీద బండి ఆపమన్నారు. ఆవిడ ఆపింది, కదిలింది, పైకి పోయింది. కాగితం పట్టుకుని బయటికొచ్చిన ఆవిణ్ణి చూసి ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే, "దుమ్ము పడిందా?" అని అడిగి, తన రుమాలు తీసి ఇచ్చింది. ఇంటికి ఆవిడే తోలుకుంటూ తీసుకెళ్ళింది. దారిలో, "మిమ్మల్ని ఎక్కడైనా దింపమంటారా?" అని రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు వంటింటి తలుపు మీద కొత్త చార్టు ఉంది. పొద్దున్నే ఇద్దరూ కలిసే బయల్దేరతారు. ఆవిడ కారులో, ఆయన కాలినడకన. ఆయన రొప్పుకుంటూ పైకి చేరేసరికి ఆవిడ హ్యాండ్‌బ్రేకు వేసి, సీటు వాల్చి, ఆయన నవలే చదువుతూ ఉంటుంది. ఆరున్నరలోగా రాకపోతే హంతకుడెవరో చెప్పేస్తానని షరతు. ఇప్పటిదాకా ఒక్కసారే చెప్పింది.

మొన్న ఆయన మేస్త్రీ షెడ్డు మీదుగా నడిచిపోతూ, దిబ్బ ఎక్కుతుంటే మోకాళ్ళలో ఏదో చప్పుడొస్తోందని మేస్త్రీతో మొరపెట్టుకున్నాడు. మేస్త్రీ తల ఒక పక్కకి వంచి విని, "రోడ్డు టెస్టు చేయందే ఏమీ చెప్పలేం సార్, నడుస్తూ ఉండండి," అన్నాడు.