అర సెంటీమీటరు తక్కువైన పందిమూతి

మా క్లిప్‌బాయ్‌ రేవులో ఎరలమ్మే కొట్టు ముందు ఒక నల్లబల్ల ఉంది. రోజూ పొద్దున్నే దాని మీద సముద్రం సంగతులు రాసేది ఊమ్ కూర్ట్ అడోనిస్. మా వైపు పెద్ద మగవాళ్ళని బాబాయీ అన్నట్టు ఊమ్ అనీ, పెద్ద ఆడవాళ్ళని టానీ అనీ పిలుస్తాం. ఆ శనివారం ఇలా రాశాడు: "తూర్పుగాలి పడిపోయింది. పడమటి గాలి మొదలైంది. నీళ్ళు వెచ్చబడి కాస్త మురికి పట్టాయి. పందిమూతి చేప ఒడ్డుకు వస్తుంది. మనిషికి రోజుకు ఒక్కటే. అరవై సెంటీమీటర్లకు తగ్గితే తిరిగి నీళ్ళలోకి. నేను చూస్తుంటాను." చివరి మాట కింద రెండు గీతలు కూడా గీశాడు.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. వీడ్కోలు రోజున బడివాళ్ళిచ్చిన మీటరు బద్దను చంకలో పెట్టుకుని ఒడ్డంతా తిరుగుతాడు. ఎవరి సంచి బరువుగా కనిపించినా ఆగి, కొసకు రబ్బరు తొడుగున్న ఆ బద్దను ఇసుక మీద పరిచి, "ఏదీ, పడుకోబెట్టు" అంటాడు. అనేది చేప గురించే అయినా, ఆ గొంతుకు ఒకరిద్దరు కొత్తవాళ్ళు తామే పడుకోబోయిన సంగతి ఊరందరికీ తెలుసు.

ఆ రోజు మాత్రం కొలవడం కంటే పట్టడం ముఖ్యం. కూతురు లీజల్‌కు కుదిరిన సంబంధం తాలూకు వాళ్ళు మొదటిసారి మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. పెళ్ళికొడుకు తండ్రి ఊమ్ మార్తీనస్‌ది పక్క రేవు. మూడు తరాలుగా పడవలున్న ఇల్లు. అందుకే ఊమ్ కూర్ట్ భార్య టానీ సాన్నా ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి చెప్పింది.

"కొట్లో కొన్న గడ్డకట్టిన చేప ఆయన ముందు పెట్టానంటే నా పరువేం కాను? వాసన చూసే చెప్పేస్తారు వాళ్ళు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నువ్వు ఇంటికి తెచ్చిందెంత, సముద్రానికి తిరిగిచ్చిందెంత? ఇవాళ చేప లేకుండా మాత్రం ఈ గడప తొక్కకు."

"తెస్తాను. చట్టప్రకారం తెస్తాను," అన్నాడు ఊమ్ కూర్ట్.

"చట్టం ఎలాగూ తెస్తావు. చేప సంగతి చూడు."

నల్లబల్ల అబద్ధం చెప్పలేదు. బురద రొయ్య గుచ్చి విసిరిన పావుగంటకే మొదటి పందిమూతి పడింది. బద్ద మీద యాభై ఎనిమిది. "పో, పెరిగి రా," అని వదిలేశాడు. రెండోది యాభై తొమ్మిది. దాన్నీ వదిలేశాడు కానీ, ఈసారి ఏ సలహా ఇవ్వలేదు. పదకొండు కావస్తుండగా పడిన మూడోది యాభై తొమ్మిదిన్నర. తిప్పి కొలిచాడు. కళ్ళద్దాలు తుడుచుకుని కొలిచాడు. అర సెంటీమీటరు తక్కువే.

అప్పుడే ఫోను మోగింది.

"వాళ్ళు గంట ముందే బయల్దేరారంట. బొగ్గులు రాజేశాను. పడిందా?" అంది సాన్నా.

"పడింది," అన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి ఆయన నోరు తడబడలేదు. అరవై ఏడేళ్ళ వయసులో మొదటిసారి, కొలత తక్కువైన చేపను తల మీద కొట్టి చంపి తన దగ్గర పెట్టుకున్నాడు. చుట్టూ ఎవరూ లేకపోయినా సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఇక దాన్ని ఇంటికి చేర్చాలి. సంచిలో వేస్తే దారిలో ఎవడో ఒకడు "ఊమ్, ఏదీ, పడుకోబెట్టు" అనకుండా ఊరుకుంటాడా? ఆ ఒక్క మాట అనడానికే ఊరంతా ఏళ్ళ తరబడి కాచుకుని ఉంది. అందుకని ఛాతీ దాకా ఉండే రబ్బరు ప్యాంటులో, ఎడమకాలి పక్కన, తల కిందుకు పెట్టి చేపను జారవిడిచాడు. నడక మొదలుపెట్టాక తెలిసింది, చేప ఉన్న కాలు వంగదని.

ఇసుకదిబ్బ ఎక్కుతుంటే పక్కింటి ఫ్లిప్ ఎదురయ్యాడు.

"ఏంటి ఊమ్, కాలు అలా కొయ్యబారిపోయింది?"

"తిమ్మిరెక్కిందిలే."

"తిమ్మిరా? మా మావయ్యకీ ముందు తిమ్మిరే అన్నారు. తరవాత ఆ పక్కంతా పడిపోయింది. ఏదీ, మూతి వంకర పోయిందేమో చూడనీ!" ఫ్లిప్ అప్పటికే చేతులూపుతూ అరుస్తున్నాడు. "ఇన్‌స్పెక్టరమ్మా! ఇటు రా! మాస్టారికి ఏదో అయింది!"

చేపల శాఖ ఇన్‌స్పెక్టరు నొలుతాందో ఆ రోజు ఒడ్డున సంచులు తనిఖీ చేస్తోంది. పరుగున వచ్చి ఆయన్ని పట్టుకుంది.

"మోకాలు వంచకండి ఊమ్."

"ఎలా వంచుతాను తల్లీ," అన్నాడాయన, ఆ రోజు మొత్తం మీద అత్యంత నిజాయితీగా.

ఇద్దరూ కలిసి ఆయన్ని మోసుకెళ్ళి శాఖవారి పికప్పు బండి వెనక పడుకోబెట్టారు. ఆస్పత్రి వద్దు, ఇంటికే పోనివ్వమని ఆయన పట్టుబట్టాడు. నొలుతాందో పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. "మీకేం కాదు ఊమ్. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మీ పేరే చెప్తాం. ఈ తీరం మొత్తమ్మీద చేప కోసం కక్కుర్తి పడని మనిషి ఒక్కడున్నాడని." ఊమ్ కూర్ట్ మూలిగాడు. నొప్పి ఎక్కువైందనుకుని ఆమె డ్రైవరును తొందరపెట్టింది.

ఈలోగా ఫ్లిప్ ఎరల కొట్టుకు ఫోన్ చేసి మాస్టారి కాలు కదలడం లేదని చెప్పాడు. కొట్టు నుంచి చర్చికి వెళ్ళేసరికి అది విరిగిన కాలైంది. చర్చి నుంచి సాన్నా వంటింటికి చేరేసరికి కాలు పూర్తిగా పోయింది, తీసుకుపోయిన సొరచేప ఎంత పొడవుందో కూడా తెలిసింది. సాన్నా చేతిలో ఉన్న ఆలుగడ్డల సలాడ్ గిన్నె దించేసి అక్కడే కూలబడి ఏడ్చింది. పాస్టరుగారు బైబిలుతోనూ, ఇరుగుపొరుగు దుప్పట్లతోనూ వచ్చారు. సరిగ్గా ఆ గుంపు మధ్యలోకే, చేతిలో కేకుతో, మార్తీనస్ దంపతులు అడుగుపెట్టారు.

పికప్పు ఆగింది. ఊమ్ కూర్ట్‌ను లోపలికి తెచ్చి సోఫా మీద పడుకోబెట్టారు.

"రెండు కాళ్ళూ ఉన్నాయే!" అంది పక్కింటావిడ. ఆ గొంతులో సంతోషంతో పాటు కాస్త నిరాశ కూడా ఉంది.

సాన్నా మొగుడి మెడ పట్టుకుని ఏడుస్తూ, "చేపా వద్దు, గీపా వద్దు. నువ్వుంటే చాలు," అంది. ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఆ మాట పొద్దున గుమ్మంలో అని ఉంటే ఎంత బాగుండేదో.

"జరగండి, నన్ను చూడనివ్వండి," అంటూ మార్తీనస్ ముందుకొచ్చాడు. పడవ మీద విరిగిన చేతులూ కాళ్ళూ ఎన్నో సరిచేసిన మనిషి. రబ్బరు ప్యాంటు మీంచి తడుముతూ తొడ దాకా వచ్చి ఆగాడు. మళ్ళీ తడిమాడు.

"నలభై ఏళ్ళుగా సముద్రం మీద ఉన్నాను," అన్నాడు నెమ్మదిగా. "తోక ఉన్న వాపు ఇదే చూడటం."

ఊమ్ కూర్ట్ కళ్ళు మూసుకున్నాడు. తరవాత లేచి కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి, పందిమూతిని బయటికి లాగి సాన్నా ఒడిలో పెట్టాడు.

"యాభై తొమ్మిదిన్నర," అన్నాడు తల దించుకుని. "తెలిసే చేశాను. ఇన్‌స్పెక్టరమ్మా, రాసుకో. మార్తీనస్ గారూ, తప్పు నాది. పిల్లకు ఇందులో ఏ సంబంధం లేదు."

ఎవరూ నవ్వలేదు. లీజల్ వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. నొలుతాందో మొహం చిన్నబుచ్చుకుని, పికప్పులోంచి శాఖవారి ఇనుప కొలపలక తెచ్చి చేపను పెట్టింది. వంగి చూసింది.

"అరవై రెండు."

"సరిగ్గా చూడు తల్లీ. నా మీద జాలి పడకు."

"అరవై రెండే ఊమ్. మీ బద్ద ఏదీ?"

బద్దను పలక మీద పెట్టారు. రెండూ కలవలేదు. నొలుతాందో రబ్బరు తొడుగును పట్టి లాగింది. దానితో పాటు లోపల్నుంచి ఒక సీసా బిరడా ఊడిపడి దొర్లుకుంటూ పాస్టరుగారి బూటు దగ్గర ఆగింది. అంకెలు మొదలయ్యే చోటికి కింద, తొడుగూ బిరడా కలిపి రెండున్నర సెంటీమీటర్లు. ఇన్నాళ్ళూ ఆయన చేప మూతిని ఆనించి కొలిచింది ఆ తొడుగు కొస నుంచే.

అందరూ సాన్నా వైపు చూశారు.

"ఇంట్లో దాన్ని కర్రలా పొడుస్తూ నా కొత్త నేలంతా గీతలు పెడుతున్నాడు!" అంది సాన్నా. "మా అమ్మ చేతికర్రది ఆ తొడుగు. వదులుగా ఉందని బిరడా కుక్కాను. ఆరేళ్ళవుతోంది. లెక్కల మాస్టారు కదా, ఆయనకి తెలియదా?"

"చేప నేరం చెయ్యలేదు ఊమ్," అంది నొలుతాందో నవ్వు ఆపుకుంటూ. "మీ మనసులో ఉన్నదాన్ని కొలిచే పలక మా దగ్గర లేదు."

ఊమ్ కూర్ట్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అది వదిలేలోపే ఫ్లిప్ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

"ఆగండాగండి. పోయిన ఈస్టరుకి నాది యాభై ఎనిమిదన్నావు. రెండున్నర కలిపితే... అరవైన్నర! బతిమాలాను కదయ్యా!"

"మా తమ్ముడివి మూడు," అంది పక్కింటావిడ.

"నాదొకటి," అన్నారు పాస్టరుగారు, బైబిలు మూసి.

ఆరేళ్ళ చేపలన్నీ ఆ గదిలోకి ఒక్కసారి వచ్చిపడ్డాయి. ఆ గోలలో మార్తీనస్ ఊమ్ కూర్ట్ మొహంలోకి తేరిపార చూస్తూ ఉండిపోయాడు.

"మొన్న డిసెంబరులో," అన్నాడు, "గడ్డి టోపీ పెట్టుకుని, పదిమంది ముందు నా చేతిలో చేపను లాక్కుని, 'మూడు తరాల పడవలుంటే కొలత మారదు' అన్నది నువ్వేనా?"

"నేనే," అన్నాడు ఊమ్ కూర్ట్. ఆ పూట ఇంకో అబద్ధమాడే ఓపిక ఆయనకు లేదు.

"యాభై ఎనిమిదన్నర అన్నావు."

"అరవై ఒకటి అయ్యుంటుంది."

సాన్నా చేప తోక గట్టిగా పట్టుకుంది. మార్తీనస్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఇవాళ నీకు ఇదొక్కటే పడిందా?"

"మూడు. రెండు వదిలేశాను."

"ఆ రెండూ చట్టానికి సరిపోయేవేగా?"

ఊమ్ కూర్ట్ మనసులో కూడికలు వేసి, నీరసంగా తలూపాడు. మార్తీనస్ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వుతుంటే అందరూ నవ్వారు, ఫ్లిప్ తప్ప.

పందిమూతిని నిప్పుల మీద కాల్చి, వేడి రొట్టెతో అందరూ కూర్చుని తిన్నారు. పిలవనివాళ్ళు తొమ్మిదిమంది ఉండటంతో తలా రెండు ముద్దలు వచ్చాయి. చేతులు కడుక్కున్నాక మార్తీనస్ ఏప్రిల్‌లో పెళ్ళి పెట్టుకుందామని, తమకు షరతు ఒక్కటే ఉందని చెప్పాడు.

"పెళ్ళికూతురి గౌను కొలతలు మాత్రం నాన్న తియ్యకూడదు."

సాన్నా బల్ల కింద మొగుడి ఎడమకాలు తొక్కిపట్టి, ఆయన తరఫున ఒప్పుకుంది.