రెండో పాఠం బాకీ

అర్థం తెలియకుండా చేసే ప్రార్థన దేవుడికి అర్థమవుతుందా అన్న అనుమానం నన్ను చాలా ఏళ్లుగా వదలడం లేదు. పెద్దలను అడిగాను. భక్తులకు అలాంటి అనుమానాలు రాకూడదన్నారు. వచ్చేసింది, ఏం చేయమంటారన్నాను. మూలగ్రంథం గ్రీకులో ఉంది, వెళ్లి గ్రీకు నేర్చుకోమన్నారు. ఆ విధంగా మా ప్రార్థనమందిరం మేడమీది గదిలో గ్రీకు వ్యాకరణ తరగతి వెలసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

తరగతికి కొద్దిమందిమే. నేను, మా అక్కయ్య, ఒక దర్జీ, మందుల షాపాయన, హాయిగా నిద్రపోవడానికి వచ్చే ఒక రిటైర్డు గుమాస్తా. మాస్టారు సన్నటి మనిషి. మాకు పాఠం చెప్పిన కొద్దీ ఇంకా సన్నబడ్డారు.

మొదటి పాఠం అక్షరాలు. రెండో పాఠంలో వాటిని కలిపి మాటలు చదవాలి. వ్యాకరణం ఆ తర్వాతి మాట. సరిగ్గా రెండో పాఠం మొదలుపెట్టే రోజున కొత్తగా ఒకాయన చేరాడు. ఆయన చిన్నబుచ్చుకోకూడదని మళ్లీ మొదటి పాఠమే చెప్పించుకున్నాం. మా మర్యాద అలాంటిది. అది ఊరంతా పాకి, వాన పడితే చాలు ఎవరో ఒకరు మా తరగతిలో దూరసాగారు. ప్రతిసారీ మేం మొదటికి వచ్చాం. పైగా మందిరం అధ్యక్షులవారు రాకముందు జరిగిన పాఠం జరిగినట్టు కాదని ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం. ఆయన తరగతి ముగిసే వేళకు వస్తారు.

దీనివల్ల అక్షరాల్లో మేం సాధించిన ప్రావీణ్యం అంతా ఇంతా కాదు. ముందునుంచీ చెప్పగలం, వెనకనుంచీ చెప్పగలం. గుమాస్తాగారైతే నిద్రలో చెప్పేవారు.

తొందరంతా మా అక్కయ్యకే. ఆమె చూపు మందగిస్తోంది. ఇంకెంతో కాలం అక్షరాలు ఆనవని డాక్టరు చెప్పేశాడు.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ గ్రంథంలో ఒక్క మాటైనా నా కళ్లతో నేను చదువుకోవాలిరా. మీ మర్యాదలు తర్వాత చేసుకోకూడదూ?"

"కొత్తవాళ్లు ఏమనుకుంటారే?"

"నా కళ్లు ఏమనుకుంటున్నాయో అడిగావా?"

విషయం కార్యవర్గం ముందు పెట్టాను. కళ్లు వ్యక్తిగతమనీ, మర్యాద సామూహికమనీ తేలింది.

ఇంతలో వార్షికోత్సవం వచ్చింది. మా తరగతికి సన్మానం చేశారు. అధ్యక్షులవారు ఉపన్యసించారు: "సోదరులారా! అందరూ మేడలు కట్టారు. మన తరగతి ఇన్నేళ్లుగా పునాది తవ్వుతూనే ఉంది. ఇంత లోతైన పునాది మీద ఇల్లు కట్టడం ఆ పునాదికే అవమానం!" చప్పట్లు మోగాయి. నాకు 'గ్రీకు పండితుడు' అని అచ్చువేసిన పత్రం ఇచ్చారు.

అక్కయ్య వేదిక దగ్గర లేదు. వెతుక్కుంటూ మేడెక్కాను. ఖాళీ బెంచీల మధ్య ముందు బెంచీమీద ఒక్కతే కూర్చుని ఉంది, ఎదురుగా మాస్టారు.

"ఇవాళ కొత్తవాళ్లు లేరమ్మా. అదృష్టంకొద్దీ పాతవాళ్లూ లేరు," అంటున్నారు మాస్టారు. నల్లబల్ల మీద పళ్లేలంత అక్షరాలు మూడు రాశారు.

అక్కయ్య నన్ను చూసింది. "రండి పండితులవారూ. ఇదేమిటో చదవండి."

ఆ మూడింటి పేర్లూ నాకు వచ్చు. కలిపితే ఏమవుతుందో తెలియలేదు. "చాలా లోతైన మాట," అన్నాను.

"కింద దీనికేనా చప్పట్లు కొట్టింది?"

కింద మళ్లీ మోగాయి. ఈసారి దేనికో కొట్టేవాళ్లకే తెలియదు. ఊరికే నన్ను చూసి నవ్వకండి, ఆ చప్పట్లు కొట్టేవాళ్ల మొదటి వరుసలో మీరూ ఉన్నారు.

అక్కయ్య లేచి, బల్లకు ముఖం ఆనించేంత దగ్గరగా వెళ్లి, ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కుంది. "ఫో...స్. ఫోస్. అంటే ఏమిటి మాస్టారూ?"

"వెలుగు, అమ్మా."

ఆమె కాసేపు అక్కడే నిలబడి మళ్లీ చదువుకుంది.

మాస్టారు చేతులకంటిన సుద్దపొడి దులుపుకున్నారు. "రెండో పాఠం. ఇన్నాళ్లకు నేను మీకు పడ్డ బాకీ తీరిందమ్మా," అన్నారు.