గీత దాటిన ఆర్డిస్

చరిత్ర ఎప్పుడో ఒకప్పుడు మొదలు కాక తప్పదు గనుక, అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఎల్మ్‌రిడ్జ్ కాలేజీ ఆ ముహూర్తం పెట్టడానికి ఒక కమిటీని వేసింది. తమ కాలేజీలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ 1982లో పుట్టిందని కమిటీ మొదటి సమావేశంలోనే, కాఫీ చల్లారేలోగా, తేల్చేసింది. (కొత్త స్టేడియానికి భారీగా విరాళమిచ్చిన ఆవిడ ఆ ఏడాది జట్టులోనే ఆడింది. ఇది కేవలం కాకతాళీయమని కమిటీ విడిగా ఒక తీర్మానం కూడా చేసింది.)

స్టేడియం గోడ మీద తొలి క్రీడాకారిణుల పేర్లు చెక్కిస్తారని తెలిసి ఆర్డిస్ క్లోస్టర్ కమిటీ దగ్గరికి వెళ్లింది. ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్లు. 1965లో ఇదే కాలేజీకి తాను బాస్కెట్‌బాల్ ఆడానని చెప్పింది. కమిటీ నొచ్చుకుంది. బారసాల చేస్తుంటే ఎవరో వచ్చి ఆ బిడ్డకు మనవలున్నారని చెబితే ఎవరైనా నొచ్చుకుంటారు.

ఆర్డిస్ అంతా వివరించింది. మగపిల్లలు ఆడి, స్నానాలు చేసి, ఇళ్లకు పోయాక జిమ్ తమకు దొరికేది. హాకీ పిల్లలు విప్పిన చెమట బనియన్లే వీళ్ల యూనిఫారాలు. డ్రిల్లు టీచరు మిస్ టైగ్ సొంత కారులో పక్క ఊళ్లకు తీసుకెళ్లేది, పెట్రోలుకు పిల్లలు కేకులు చేసి అమ్మేవారు. కమిటీ సానుభూతితో విని, దాన్ని ‘క్రీడకు పూర్వపు కదలిక’గా నమోదు చేసింది.

అప్పుడు రంగంలోకి దిగింది వెర్లా. ఆర్డిస్‌తో కలిసి ఆడిన స్నేహితురాలు, నోరున్న మనిషి. ఊరి పత్రికలో చర్చి విందుల వార్తల పక్కన ఆనాటి స్కోర్లు అచ్చయిన సంగతి ఆవిడే బయటపెట్టింది. ఇక కాదనలేక, పాయింట్లు సాధించిన వాళ్ల పేర్లు చెక్కిస్తామని కమిటీ ఒప్పుకుంది. వెర్లా పేరు ఎక్కింది. ఆర్డిస్ పేరు ఎక్కలేదు, మార్లిస్, జాయిస్‌ల పేర్లూ ఎక్కలేదు. ఆ ముగ్గురూ గార్డులు. మిగతా ఇద్దరూ చనిపోయారు కాబట్టి వాళ్ల తరఫున కూడా ఆర్డిసే అడగాలి.

వారసత్వ సంబరాల శాఖ ఉపాధ్యక్షుడు ప్రెస్టన్ విట్‌లాక్ ఆవిణ్ణి కూర్చోబెట్టి అడిగాడు.

“మూడేళ్లు ఆడారు కదా మేడమ్, ఒక్క పాయింటు కూడా వేయలేదా?”

“వేయనివ్వలేదు.”

“అవతలి జట్టువాళ్లా?”

“రూలు నాయనా.”

ఆ రోజుల్లో ఆడపిల్లల ఆటకు ఆరుగురు. ముగ్గురు ఫార్వర్డులు ఒక సగంలో ఉండి బంతిని బుట్టలో వేయాలి, ముగ్గురు గార్డులు రెండో సగంలో ఉండి అవతలివాళ్లను వేయనివ్వకూడదు. మధ్య గీత ఎవరూ దాటకూడదు. మైదానమంతా పరిగెత్తితే ఆడవాళ్ల గర్భసంచి జారిపోతుందని పెద్దలు కనిపెట్టారు. (ఈ పరిశోధన చేసిన వాళ్లలో గర్భసంచి ఉన్నవాళ్లు లేరు.) వెర్లా వేసిన ప్రతి బంతీ ఆ ముగ్గురిలో ఎవరో ఒకరు లాక్కుని గీత మీదుగా అందించినదే. అలా ఒక బంతి కోసం మార్లిస్ ముందు పళ్లు రెండు పోగొట్టుకుంది. పళ్లకు పాయింట్లు లేవని విట్‌లాక్ విచారం వెలిబుచ్చాడు.

ఆర్డిస్‌కు ఒళ్లు మండింది. తన పేరు లేకపోయినా పోనీ అనుకునేదే, కానీ మార్లిస్ కట్టుడు పళ్లతో నవ్వడం గుర్తొస్తే ఊరుకోలేకపోయింది. రోజూ వెళ్లి ఆఫీసులో కూర్చుంది.

చివరికి కమిటీ కరుణించింది. శనివారం మ్యాచ్ విరామంలో ఆర్డిస్ ఒక ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డురాకుండా ఒక్కసారి బుట్టలోకి విసరడం, వేయవచ్చు. అది పడితే వచ్చే ఒక్క పాయింటును ముగ్గురు గార్డులకూ సమానంగా, తలా మూడో వంతు పంచుతారు. రికార్డు పక్కాగా ఉండాలి గనుక ముగ్గురినీ ఈ ఏటి జట్టులో చేర్చారు. ఆర్డిస్ గుండె బాగుందని డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నారు. (గర్భసంచి ఊసు ఎత్తలేదు. సైన్సు అంత ముందుకు పోయింది.)

శనివారం బంతి పట్టుకుని ఆర్డిస్ మధ్య గీత దాకా వచ్చి ఆగిపోయింది. జనం ముసలావిడ భయపడిందనుకుని చప్పట్లు కొట్టారు. వెర్లా ఒక్కతే లేచి నిలబడింది.

“దాటవే ఆర్డిస్! ఇప్పుడెవడూ విజిల్ వెయ్యడు!”

దాటింది. రెండు చేతులతో, కింది నుంచి, పాత పద్ధతిలో విసిరింది. బంతి బుట్ట అంచున తిరిగి తిరిగి లోపల పడింది. ఆర్డిస్ అక్కడే నిలబడి ఏడ్చేసింది, అందుకు సిగ్గుపడలేదు కూడా.

సోమవారం వెర్లా వంటింట్లో ఇద్దరూ చిల్లీ అనే బీన్సు, మాంసం పులుసులో దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె రోల్ ముంచుకుని, ఆ ఊరి అలవాటు ప్రకారం తింటుండగా విట్‌లాక్ స్వయంగా వచ్చాడు. పాయింటు నమోదైందని అభినందించాడు. చిన్న ఇబ్బంది ఉందన్నాడు. గోడ మీద పేరు ఎక్కాలంటే క్రీడాకారిణి ఆట మానేసి ఐదేళ్లు గడవాలి. రికార్డు ప్రకారం ముగ్గురు గార్డులూ మొన్న శనివారం దాకా ఆడుతూనే ఉన్నారు.

“మార్లిస్, జాయిస్ పోయారయ్యా,” అంది ఆర్డిస్.

“వాళ్ల గురించి మాకు బెంగ లేదు మేడమ్. వాళ్లు మళ్లీ ఆడరు.” విట్‌లాక్ వెర్లా ఇచ్చిన రోల్ అందుకున్నాడు. “మీరే కొంచెం జాగ్రత్తగా ఉండాలి. దయచేసి ఇక ఆడకండి.”

ఆర్డిస్‌కు ఇరవై ఏళ్లప్పుడు, ఆ కాలేజీ వాళ్లు మొట్టమొదట చెప్పిన మాట కూడా అదే.